65 సెకన్లు కదలకక్కా

మొన్న ఆదివారం పొద్దున ఏడున్నరకి మా అక్కని మేడ మీదకి తీసుకెళ్లి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాను. ఎదురుగా ఒక స్టూలు, దాని మీద చెప్పుల అట్టపెట్టె. పెట్టె లోపలంతా నల్లరంగు పూసి, ముందువైపు కూల్‌డ్రింక్ టిన్ను రేకు ముక్క అతికించి, ఆ రేకుకి సూదిమొనతో అర మిల్లీమీటరు చిల్లు పెట్టాను. అదే కెమెరా. లెన్సు లేదు, బటన్ లేదు. చిల్లు మీద నల్ల ఇన్సులేషన్ టేపు. టేపు పీకితే ఫోటో మొదలు, మళ్లీ అంటిస్తే అయిపోయినట్టు.

"ఒక్క నిమిషం కదలకుండా కూర్చో అక్కా."

"ఒక్క నిమిషమేగా? స్టవ్ మీద పాలు పెట్టొచ్చాను" అంది.

నిజం చెప్పాలంటే నిమిషం మీద ఇంకో అయిదు సెకన్లు. ఆ 65 అన్న లెక్క నేను పెట్టింది కాదు. 1840లో న్యూయార్క్‌లో ఒక డాక్టరుగారు తన తోబుట్టువుని ఇలాగే వెలుగులో కూర్చోబెట్టి ఫోటో తీశాడు. దానికి పట్టిన టైము అది. ఆడమనిషి మొహం తేటగా పడి ఈనాటికీ మిగిలిన ఫోటోల్లో అది తొలి వరసలోది.

ఆయన పేరు జాన్ విలియం డ్రేపర్. నేను 33 ఏళ్లు ఇక్కడ మద్రాసులోనే ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాను. ఏటా ఫోటోకెమిస్ట్రీ పాఠం మొదలెట్టే రోజు బోర్డు మీద రాసే మొదటి లైను "గ్రోథస్–డ్రేపర్ నియమం". పదార్థం పీల్చుకున్న కాంతి మాత్రమే అందులో రసాయన మార్పు తేగలదు. రెండు మార్కుల ప్రశ్న. పిల్లలు రాసుకునేవాళ్లు, పరీక్షలో దించేవాళ్లు. ఈ డ్రేపర్ ఎవరు సార్ అని ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి నాకూ తెలియదు కాబట్టి, అడగకపోవడమే మంచిదైంది.

రిటైరయ్యాక టైము చిక్కి, ఆయన 1840 సెప్టెంబరులో లండన్ ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో రాసిన వ్యాసం ఒకటి చదివాను. డాగెరోటైప్ అనే, వెండి పూత పలక మీద ఫోటో తీసే తొలినాటి పద్ధతిలో బతికున్న మనుషుల ఫోటోలు ఎలా తీయాలన్నది విషయం. చదువుతుంటే ఏదో సైన్సు వ్యాసంలా అనిపించలేదు. ఇక్కడి వెస్ట్ మాంబళంలో మా నాన్న స్టూడియోలో స్టూలు మీద కూర్చున్నట్టే ఉంది.

నాన్నది గూడూరు. కోడంబాకంలో ఒక స్టిల్ ఫోటోగ్రాఫరు దగ్గర లైట్లు మోసే పనికి చేరి, 1966లో సొంతంగా చిన్న స్టూడియో పెట్టాడు. పాస్‌పోర్ట్ సైజులు, పెళ్లిచూపుల ఫోటోలు, ఇవికాక సినిమా వేషాల కోసం నెల్లూరు నుంచీ బెజవాడ నుంచీ రైలెక్కి వచ్చినవాళ్లు. ఎదురుగా ఒకటి, పక్కకి ఒకటి, నవ్వుతూ ఒకటి. మూడు ఫోటోలు కవర్లో పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లు. స్టూడియోలో అద్దం ముందు ఎప్పుడూ ఒక పౌడర్ డబ్బా ఉండేది. పౌడర్ కొట్టకపోతే మొహం ఫోటోలో పడదని వచ్చినవాళ్లందరి నమ్మకం. నాన్నకి ఆ నమ్మకం లేదు. అయినా డబ్బా ఖాళీ కానిచ్చేవాడు కాదు. "పౌడర్ లేని స్టూడియోకి ఎవడొస్తాడ్రా" అనేవాడు.

డ్రేపర్ కూడా మొదట్లో సరిగ్గా ఇదే పని చేశాడు. కూర్చున్నవాళ్ల మొహానికి తెల్లటి పొడి అద్దితే తప్ప పలక మీద బొమ్మ పడదనుకున్నాడు. కొద్దిసార్లు ప్రయత్నించేసరికే అది పొరపాటని తేలిపోయిందని ఆ వ్యాసంలో తనే ఒప్పుకున్నాడు. అదయ్యాక మొత్తం కుర్చీ సంగతులు. తల కదలకుండా వెనక కర్రకి ఇనుప వలయం. ఎండని మొహం మీదకి మళ్లించడానికి అద్దాలు. చేతులు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ గుండెల మీద పెట్టుకోనివ్వొద్దట. ఊపిరితో పాటు అవీ లేచి పడుతుంటాయి, ఫోటోలో లావుగా, మొద్దుగా పడతాయని. ఇది రాసినవాడు డాక్టరు అని ఈ ఒక్క ముక్కలో తెలిసిపోతుంది.

అప్పటికి డాగెర్ పద్ధతి బయటపడి ఏడాదే. 1839 ఆగస్టు 19న పారిస్‌లో బయటపెట్టారు. రాగి రేకుకి వెండి పూత పూసి అద్దంలా మెరుగు పెట్టాలి. దానికి అయొడిన్ ఆవిరి పట్టిస్తే బంగారు పసుపు రంగు తిరుగుతుంది. దాన్ని కెమెరాలో పెట్టి వెలుగు చూపించాక, వేడి పాదరసం ఆవిరి పడితే బొమ్మ తేలుతుంది. చివర హైపో అనే ఉప్పు ద్రావణంలో కడగాలి. ఆ హైపో వెండి లవణాలని కరిగిస్తుందని ముందే కనిపెట్టింది ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్. పాదరసం ఆవిరి! మా ల్యాబులో థర్మామీటరు పగిలితేనే టెన్షన్ పడి గంధకం చల్లించేవాణ్ణి. వీళ్లు గదిలో దీపం పెట్టి మరీ పాదరసం కాచుకున్నారు.

మొదట్లో మనుషుల ఫోటోలు ఈ పద్ధతిలో కుదరవనే అనుకున్నారు. ఇల్లయితే ఎంతసేపైనా నిలబడుతుంది. మనిషి కూర్చోలేడు. ఎండ ఎక్కువైతే టైము తగ్గుతుంది కానీ, కళ్లు తెరిచి కూర్చునేదెవరు? ఇక్కడ డ్రేపర్ చేసిన ఉపాయం చదివి నేను కుర్చీలోంచి లేచాను. పెద్ద గాజు తొట్టిలో నీలం ద్రావణం నింపి, ఎండ దాంట్లోంచి వడకట్టి వచ్చేలా పెట్టాడు. ఆ ద్రావణం ఏమిటో ఇంటర్ చదివిన ఎవరికైనా తెలుసు. సాల్ట్ అనాలిసిస్‌లో కాపర్ ఉందో లేదో చూడటానికి అమోనియా పోస్తే సర్రున వచ్చే ముదురు నీలం. అదే. పలక మీద పనిచేసేది నీలం, ఊదా కిరణాలు. కంటికి గుచ్చుకునేది పసుపు. ఒళ్లు కాల్చేది ఎరుపూ, దాని అవతలిదీ. కాబట్టి పలకకి అక్కర్లేనిదంతా తొట్టిలోనే ఆపేస్తే కూర్చున్నవాడికి హాయి, ఫోటోకి లోటు లేదు.

రెండేళ్ల తర్వాత, 1842లో, ఇదే సంగతిని ఆయన నియమంగా చెప్పాడు. జర్మన్ రసాయనికుడు గ్రోథస్ 1817లోనే చెప్పి ఉన్నాడు కానీ ఎవరూ పట్టించుకోలేదు. అందుకే రెండు పేర్లూ కలిపి రాస్తాం.

నాకు తొమ్మిదేళ్లప్పుడు డార్క్‌రూములో నాన్న పక్కన నిలబడి అడిగాను, ఎర్ర బల్బు ఎందుకు పెడతావని. ట్రేలో కాగితాన్ని క్లిప్పుతో అటూ ఇటూ ఊపుతూ, తల ఎత్తకుండా, "కాగితానికి ఎరుపు కనపడదురా. ఆ రంగుకి అది గుడ్డిది" అన్నాడు. నాన్న ఎనిమిదో క్లాసు దాటలేదు. నేను 33 ఏళ్లు బోర్డు మీద రాసినదానికన్నా ఆ మాటే తేలిగ్గా అర్థమవుతుంది. క్లాసులో ఒక్కసారి కూడా ఎందుకు చెప్పలేదో!

ఇక అక్క సంగతి. ఆ 1840 ఫోటోలో ఉన్నావిడ డొరొతీ కేథరిన్ డ్రేపర్. పూలు కుట్టిన పెద్ద టోపీలో మొహం, కొంచెం బిగబట్టినట్టుండే పెదాలు. దాని గురించి ఇంగ్లీషులో రాసినవాళ్లు చాలామంది "సిస్టర్" అని రాసి వదిలేశారు. మనకి అలా కుదరదు కదా, అక్కో చెల్లెలో తెలియకపోతే వాక్యం ముందుకి నడవదు. వెతికాను. ఆవిడ 1807లో పుట్టింది, ఆయన 1811లో. అక్కే. నాలుగేళ్లు పెద్ద. మా అక్కకీ నాకూ అంతే తేడా.

ఆ కుటుంబం ఇంగ్లండ్ నుంచి 1832లో అమెరికా వెళ్లింది. తండ్రి అప్పటికే పోయాడు. తల్లి, ముగ్గురు తోబుట్టువులు, కొత్తగా పెళ్లయిన డ్రేపర్. ఆయన ఆశపెట్టుకున్న మాస్టరు ఉద్యోగం వీళ్లు చేరేలోపే వేరేవాళ్లకి పోయింది. వర్జీనియాలో డొరొతీ ఆడపిల్లలకి బడి పెట్టి, బొమ్మలు వేయడం నేర్పి, ఆ డబ్బుతో తమ్ముణ్ణి ఫిలడెల్ఫియా పంపి మెడిసిన్ చదివించింది. 1836లో ఆయనకి పెన్సిల్వేనియా యూనివర్సిటీ డాక్టరు పట్టా వచ్చింది. ఆ తర్వాత నాలుగేళ్లకి ఆ అక్కనే కూర్చోబెట్టి ఫోటో తీశాడు. దాన్నో ఉత్తరంతో పాటు ఇంగ్లండ్‌లో హెర్షెల్‌కి పంపాడు.

మా అక్క సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా ముందుగదిలో చాప పరిచి హిందీ ప్రచార సభ పరీక్షలకి పిల్లల్ని చదివించేది. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష. వీధిలో తెలుగువాళ్లూ తమిళవాళ్లూ సగంమంది పిల్లలు మా ఇంట్లోనే "యహ్ క్యా హై" అని అరిచేవాళ్లు. 1986లో స్టూడియో బాగా డల్లుగా ఉంది. నేను ఎమ్మెస్సీలో చేరిన ఫీజు ఆ చాప మీదే పుట్టింది. ఇవన్నీ ఇప్పుడు ఎందుకంటే, డొరొతీ కథ అక్కకి చెప్పినప్పుడు నేను కాస్త గొంతు తడి చేసుకున్నాను. అక్క మాత్రం, "నెలకెంత తీసుకునేదో ఆవిడ? మనం మరీ పదిహేను రూపాయలకే చెప్పాం" అంది.

డ్రేపర్ మెడిసిన్ చదివేటప్పుడు పట్టుకున్నది వాయువుల్ని. కంటికి కనపడే చిల్లుల్లేని పొరల్లోంచి వాయువులు ఎలా దాటుతాయన్నది ఆయన తొలినాళ్ల పరిశోధన. సబ్బు బుడగలతో కూడా చేశాడు. బుడగకి చిల్లు ఉండదు, ఉంటే పగిలిపోతుంది. అయినా లోపలి వాయువు బయటికి, బయటిది లోపలికి మారుతుంది. ఊపిరితిత్తుల్లో గాలి రక్తంలోకి వెళ్లడం కూడా ఇలాంటిదేనని డాక్టరుకి అనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఆ తర్వాత వాయువులూ వెలుగూ ఒకేచోట కలిశాయి. అక్కడ నా అనుభవం కూడా కొంచెం ఉంది, అంత గొప్పగా లేదు.

హైడ్రోజన్, క్లోరిన్ సమానంగా కలిపి చీకట్లో పెడితే ఏమీ కాదు. నీలం వెలుగు తగిలిందా, ఢాం. నేను క్లాసులో ఇది చూపించడానికి నాన్న పాత ఫ్లాష్‌గన్ తెచ్చేవాణ్ణి. టెస్ట్‌ట్యూబులో మిశ్రమం, వదులుగా బిరడా, చుట్టూ నల్ల కాగితం. ఫ్యూమ్ కబోర్డులో పెట్టి, గదిలో కర్టెన్లు వేసి, కాగితం తీసేసి, ఫ్లాష్‌కి ముందు ఎర్ర జిలటిన్ కాగితం కట్టి కొట్టేవాణ్ణి. ఏమీ అయ్యేది కాదు. మళ్లీ కొట్టేవాణ్ణి. పిల్లలు నవ్వడం మొదలెట్టేవాళ్లు. అప్పుడు ఎరుపు పీకి నీలం జిలటిన్ కట్టి ఒకే ఒక్క ఫ్లాష్. బిరడా వెళ్లి కబోర్డు కప్పుకి తగిలేది. క్లోరిన్ అణువు రెండుగా చీలాలంటే సుమారు 490 నానోమీటర్లకన్నా పొట్టి తరంగం కావాలి. ఎరుపు ఎంత పోసినా దానికి చాలదు. అది చీలిందా, ఒక్క ఫోటాన్‌తో, అంటే ఒక్క వెలుగు రేణువుతో, మొదలైన గొలుసు వేల అణువుల్నీ, ఒక్కోసారి లక్షల్నీ కలిపేస్తుంది.

1997లో ఒక ట్యూబు మిగిలిపోతే కిటికీ గట్టు మీద పెట్టి టీకి వెళ్లాను. నల్ల కాగితం ఒక మూల చిరిగి ఉంది, చూసుకోలేదు. పదకొండు గంటల మద్రాసు ఎండ అటు తిరిగింది. కారిడార్లో ఉన్నవాళ్లు బాంబనుకున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు, గదిలో ఎవరూ లేరు కాబట్టి. గాజుముక్కలు మాత్రం వారంపాటు దొరుకుతూనే ఉన్నాయి. నాలుగు పేజీల సంజాయిషీ రాయించుకున్నారు. ఆ కాలేజీ పేరు ఎందుకు లెండి. తప్పు నాదే. దయచేసి ఎవరూ ఇంట్లో ఇది చేయకండి.

నేను పేల్చుకున్నదాన్నే డ్రేపర్ కొలబద్దగా మార్చాడు. 1843లో ఆయన చేసిన పరికరం చూస్తే చాలా చిన్నది: వంచిన గాజు గొట్టం, అందులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దానిలోకి కరెంటు పంపితే అదే ఆమ్లం నుంచి హైడ్రోజనూ క్లోరినూ విడుదలై పైన చేరతాయి. రెండూ సమానంగా వస్తాయి, విడిగా కొలిచి కలిపే బాధ లేదు. ఇప్పుడు దాని మీద దీపం వెలుగు పడనివ్వాలి. మసక వెలుగులో పేలుడు ఉండదు, వాయువులు నెమ్మదిగా కలిసి మళ్లీ హైడ్రోక్లోరిక్ ఆమ్ల వాయువై కిందున్న ద్రవంలో కరిగిపోతాయి. పైన చోటు ఖాళీ అయిన కొద్దీ ద్రవం గొట్టంలో పైకి పాకుతుంది. గొట్టం మీద గీతలున్నాయి. ఎన్ని గీతలు పాకిందో అంత వెలుగు పడినట్టు. వెలుగుని స్కేలు పెట్టి కొలవడం అన్నమాట. కొలిచాక మళ్లీ కరెంటు పంపితే వాయువులు తిరిగి తయారు.

దీనికి ఆయన టిథోనోమీటర్ అని పేరు పెట్టాడు. గ్రీకు కథల్లో ఉషాదేవి మనసుపడిన టిథోనస్ పేరు మీద. ఆవిడ అతనికి చావు లేకుండా వరం అడిగింది, యవ్వనం అడగడం మరిచిపోయింది. ముసలై ముసలై అలాగే మిగిలిపోయాడు. వరం అడిగేటప్పుడు మాటలు చూసుకోవాలని మన హిరణ్యకశిపుడి దగ్గర నేర్చుకోవలసింది. ఏదైతేనేం, ఆ పేరు నిలవలేదు. బున్సెన్, రాస్కో అనే రసాయనికులు ఆ పరికరాన్ని 1850ల్లో మెరుగుపరిచి చాలా దూరం తీసుకెళ్లారు. వెలుగు పడిన వెంటనే వాయువులు కలవకుండా కాసేపు మొండికేస్తాయని డ్రేపర్ గమనించాడు. వెలుగు తగిలి క్లోరిన్ స్వభావమే మారుతోందనుకున్నాడు. అది మాత్రం తప్పు. అమోనియా లాంటి మలినాలు ముందు అడ్డుపడతాయని, అవి తీరిపోయాకే గొలుసు సాగుతుందని 20వ శతాబ్దం మొదట్లో తేలింది.

ఇంకో తప్పు కూడా చేశాడు, ఆ 1843లోనే. కార్బన్ డయాక్సైడ్ కరిగిన నీళ్లు గాజు గొట్టాల్లో నింపి, ఒక్కోదానిలో ఆకులు వేసి, పట్టకంతో విడదీసిన ఎండ రంగుల్లో వరసగా నిలబెట్టాడు. ఏ రంగులో ఎక్కువ వాయువు బుడగలు వస్తే ఆ రంగే ఆకుకి తిండి. ఎంత చక్కటి ఆలోచన! పసుపు దగ్గర ఎక్కువ వచ్చాయి, పసుపే అని రాశాడు. ఆకు ఎక్కువ పీల్చుకునేది ఎరుపూ నీలమూ. పసుపుని అంతగా పట్టించుకోదు. తన నియమానికే అడ్డం వచ్చే జవాబు ఇది. ఆయన వెలుగుని రానిచ్చిన సందు అంత సన్నం కాకపోవడంతో రంగులు ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయాయి. తర్వాత రష్యాలో తిమిర్యాజెవ్ అనే వృక్షశాస్త్రవేత్త సందు సన్నం చేసి చూస్తే ఎరుపు గెలిచింది. ప్రాక్టికల్ రికార్డులో మనకి కావలసిన జవాబు వచ్చేదాకా రీడింగులు దిద్దే అలవాటు డ్రేపర్‌కి లేదని దీంతో తెలిసింది. నా స్టూడెంట్లలో అలాంటివాళ్లు ముగ్గురో నలుగురో.

చంద్రుడి సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఆయన పేరు వెతికితే అందరూ ముందు చెప్పేది అదే. 1840 మార్చి 23న న్యూయార్క్‌లోని లైసియం అనే సైన్సు సంఘంలో తాను చంద్రుడి బొమ్మ పలక మీద దింపానని చెప్పాడు. 20 నిమిషాలు పట్టింది, బొమ్మ అంగుళం. ఆ ఏడాదే టెలిగ్రాఫ్ మోర్స్‌తో కలిసి న్యూయార్క్ యూనివర్సిటీ బిల్డింగు మేడ మీద ఫోటో స్టూడియో నడిపాడు. మోర్స్ అక్కడ బొమ్మల ప్రొఫెసరు. మేడ మీద ఎందుకంటే ఎండ కోసం. నాన్న స్టూడియో గ్రౌండ్ ఫ్లోరు, కరెంటు పోతే ఆ రోజుకి అంతే.

1847లో చేసినది నాకు ఇంకా ఇష్టం. ప్లాటినం రేకుని కరెంటుతో వేడి చేస్తూ చీకటి గదిలో కూర్చుని, అది ఎప్పుడు మొట్టమొదట ఎర్రబడుతుందో చూశాడు. 977 ఫారెన్‌హీట్, అంటే 525 సెల్సియస్. తుపాకీ గొట్టంలో సుద్ద, పాలరాయి, సీసం, ఇత్తడి వేసి కాల్చి చూస్తే అన్నీ గొట్టంతో పాటే ఎర్రబడ్డాయి. పదార్థం ఏదైనా వేడి ఒకటే. ఇప్పటికీ దీన్ని డ్రేపర్ పాయింట్ అంటారు. కొలిమి దగ్గర కూర్చున్న ప్రతి కమ్మరీ రోజూ చూసిందే, నంబరు వేసింది ఈయన.

ఆ తర్వాత ఆయన చరిత్ర వైపు వెళ్లిపోయాడు. మతానికీ సైన్సుకీ జరిగిన గొడవ గురించి 1874లో ఒక పెద్ద పుస్తకం రాశాడు. ఈవేళ చాలామందికి డ్రేపర్ అంటే అదే. దాని మీద చరిత్రకారులు ఇంకా కొట్టుకుంటున్నారు, నేను వేలు పెట్టను. 1860లో ఆక్స్‌ఫర్డ్‌లో జీవశాస్త్రవేత్త హక్స్‌లీకీ బిషప్ విల్బర్‌ఫోర్స్‌కీ డార్విన్ పరిణామ సిద్ధాంతం మీద జరిగిన ప్రసిద్ధమైన వాదన ఉంది కదా, అది మొదలైంది డ్రేపర్ చదివిన పొడుగాటి వ్యాసం అయ్యాకే. వాదన అందరికీ గుర్తుంది. ఆ వ్యాసం ఎవరికీ గుర్తులేదు. మధ్యాహ్నం రెండింటి క్లాసులు తీసుకున్నవాడిగా నాకు ఆయన మీద జాలేసింది. 1876లో అమెరికన్ కెమికల్ సొసైటీకి తొలి అధ్యక్షుడయ్యాడు, 1882 జనవరిలో పోయాడు. డొరొతీ 1901 దాకా ఉంది.

సరే, మేడ మీదకి వద్దాం. కాగితం నాన్న స్టూడియో మూసేసినప్పుడు అటక మీద పడేసిన బ్రోమైడ్ పేపర్ ప్యాకెట్లోది, ఇరవై ఏళ్లు దాటింది. లెక్క వేస్తే మా చిల్లుకీ ఆ కాగితానికీ ఎండలో సుమారు నిమిషం చాలు. అందుకే 65 పెట్టడానికి ధైర్యం వచ్చింది. టేపు పీకి పైకే లెక్కపెట్టడం మొదలెట్టాను. పదికి అక్క కళ్లు నాకేసి తిప్పింది. ఇరవైకి పక్క మేడ మీద బట్టలారేసుకుంటున్న మామి "ఎన్న పండ్రీంగ?" అని, ఏం చేస్తున్నారని తమిళంలో అడిగితే అక్క పెదవి కదపకుండా ముక్కుతో ఏదో మూలిగింది. నలభై దాటాక నుదుటి మీద చెమట చుక్క కనుబొమ దాకా దిగింది. తుడుచుకోలేదు, నిజంగా తుడుచుకోలేదు. యాభై రెండు దగ్గర కింది నుంచి పాలు మాడిన వాసన. తల చటుక్కున మెట్ల వైపు తిరిగింది.

"కదలకక్కా!"

మళ్లీ ఇటు తిరిగి అరవై అయిదు దాకా కూర్చుంది. టేపు అంటించేసరికి కుర్చీలో లేదు.

బాత్‌రూమే డార్క్‌రూము. ఎర్ర జీరో వాట్ బల్బు, రంగనాథన్ స్ట్రీట్‌లో కొన్న మూడు ప్లాస్టిక్ ట్రేలు, తలుపు కింద సందుకి తడి తువ్వాలు. గిన్నె తోముకుని అక్క కూడా లోపలికొచ్చి బకెట్ బోర్లించి కూర్చుంది. డెవలపర్లో కాగితం ఊపుతుంటే ముందు ఆకాశం నల్లబడింది, తర్వాత మొహం, చీర. జుట్టు మాత్రం తెల్లగా ఉండిపోయింది. "దెయ్యంలా ఉన్నాను" అంది. హైపోలో వేసి, కడిగి, ఆరబెట్టి, ఇంకో కాగితం మీద బోర్లించి, పైన గాజుపలక పెట్టి తెల్ల లైటు ఒకసారి వేసి తీశాను. ఈసారి అక్క వచ్చింది.

కాగితం పాతది కదా, అంతా బూడిద కమ్మినట్టుంది. మొహం మాత్రం పోల్చుకోవచ్చు. ఎడమ చెవి దుద్దు రెండు చోట్ల పడింది, పాల కోసం తల తిప్పింది అక్కడ. కొంగు జారకుండా అలవాటుగా కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుంది, ఆ చెయ్యి వేళ్లు లేకుండా ముద్దలా ఉంది. చేతులు గుండెల మీద పెట్టొద్దని నేనే ముందు చెప్పాల్సింది. అది చదివి కూడా మరిచిపోయాను.

అక్క ఫోటోని ఎర్ర బల్బు దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూసింది.

"నాన్నయితే ఇది కస్టమరుకి ఇవ్వడు" అంది.

"ఇవ్వడు."

"ఇంకెన్ని కాగితాలున్నాయి ప్యాకెట్లో?"

"పదకొండు."

"అయితే వచ్చే ఆదివారం పాలు కాచేసి వస్తాను. చెయ్యి ఒళ్లో పెట్టుకుంటాలే."